ముల్లు మధ్యలోనే ఉంది!

నిజం చెప్పే మీటరు ఉన్న కారు ఎక్కకండి!

తొందరపడి అంటున్న మాట కాదిది. బాగా ఆలోచించి, చిక్కటి కాఫీ తాగి, అడ్డు చెప్పేవాళ్లెవరూ పక్కన లేని సమయం చూసి మరీ అంటున్నాను. కారు కొనుక్కోవద్దని నేననను. కొనుక్కోండి. దండ వేయండి, కొబ్బరికాయ కొట్టండి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించండి. ఆ వెంటనే మంచి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లి దాని నోరు మూయించండి!

ఎందుకంటారా? కార్లు తయారుచేసే కంపెనీల వాళ్లకు తెలివితేటలున్నాయి గానీ మర్యాద తెలియదు.

మనం అలా కాదు కదా! డబ్బాలో బియ్యం అయిపోతే 'అయిపోయాయి' అంటామా? 'నిండుకున్నాయి' అంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. వెళ్లిపోతూ 'వస్తానండీ' అంటాం. గడప దాటుతున్న మనిషిని 'ఎక్కడికి?' అని అడిగామా, ఆయన చెప్పులు విప్పేసి లోపలికొచ్చి కూర్చుంటాడు. ఇక ఎవరైనా తుమ్మితే చెప్పనే అక్కర్లేదు. కాసేపు కూర్చోవాలి, మంచినీళ్లు తాగాలి, అప్పుడు బయల్దేరాలి.

ఇంత పద్ధతిగా బతుకుతున్న మనకి వాళ్లు అంటగట్టిన కారు ఎలాంటిది? తాళం తిప్పీ తిప్పగానే కళ్లెదుట ఎర్రదీపం! ప్రయాణం మొదలుపెట్టే వేళ, దేవుణ్ణి తలుచుకునే వేళ, 'నీ ఇంజనులో ఏదో తేడాగా ఉంది' అని వెక్కిరింపు! చావు కబురు మోసుకొచ్చిన చుట్టం కూడా మనం కాఫీ తాగేదాకా ఆగుతాడే!

ఇంజను నిండా సెన్సార్లట. ఒకటి లోపలికి ఎంత గాలి వచ్చిందో కొలుస్తుంది. ఒకటి నీళ్లు ఎంత వేడెక్కాయో చూస్తుంది. ఒకటి పొగ వాసన చూస్తుంది. ఇంకొకటి ఇంజను లోపల టకటకమని చప్పుడేమైనా వస్తోందా అని చెవి ఒగ్గి వింటూ ఉంటుంది. ఇవన్నీ కలిసి మూలన దాక్కున్న కంప్యూటరుకి చాడీలు మోస్తాయి. ఉమ్మడి కుటుంబాలు పోయాయని పెద్దవాళ్లు ఊరికే బాధపడుతున్నారు. ఎక్కడికి పోయాయి? బానెట్టు ఎత్తి చూడండి!

మా చెల్లెలు సాయిలక్ష్మి భర్త బాబ్జీ ఈ సత్యాన్ని నాకంటే ముందే కనిపెట్టాడు. వాళ్లది ప్రత్తిపాడు. కాపురం గుంటూరులో, వ్యాపారం మిర్చి యార్డులో. గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర గలగలలాడించాడంటే తేమ ఎంత ఉందో చెప్పేస్తాడు. ఆ మధ్య ఎవరో తేమ కొలిచే మిషను పట్టుకొస్తే, "దాన్ని అవతల పెట్టి ముందు కాయ ఇటివ్వండి" అన్నాడు. యార్డులో ఏ యంత్రాన్నీ నమ్మని మనిషి.

అలాంటివాడు కిందటేడు హైదరాబాదు నుంచి సెకండ్ హ్యాండులో ఒక పెట్రోలు కారు తెచ్చుకున్నాడు. నల్లగా, పొడుగ్గా, అద్దంలా మెరుస్తూ ఉండేది. దానికున్న లోపమల్లా ఒకటే. చప్పుడు చేయదు.

"చప్పుడు లేకపోతే యార్డులో తిరిగి చూసేదెవరు బావగారూ?" అని వాపోయాడు బాబ్జీ.

నిజమే కదా! లారీల మోత, హమాలీల కేకలు, యార్డు యార్డంతా తుమ్ములు, దగ్గులు. అంత గోలలో పిల్లిలా వచ్చి నిలబడే కారుకి గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అప్పుడు దొరికాడు మాకు జాన్ బాషా. ఆటోనగర్లో షెడ్డు. షెడ్డు ముందు 'ఇచట కార్లకు పౌరుషం ఎక్కించబడును' అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు రాయించింది అతనే, చదివి అందరికంటే ముందు నమ్మిందీ అతనే. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "దీన్ని కంపెనీవాళ్లు కట్టేసి పెంచారన్నా. నేను విప్పుతా" అన్నాడు.

విప్పాడు! ముందు సైలెన్సరు విప్పి, డ్రైనేజీ గొట్టమంత లావుది పెట్టాడు. అప్పటినుంచి బాబ్జీ మా వీధి మలుపు తిరుగుతుంటే మా ఇంట్లో గూట్లో గిన్నెలు తమంతట తామే సర్దుకునేవి.

తర్వాత గాలి ఫిల్టరు మీద పడ్డాడు. కంపెనీవాళ్లు ఇంజను ముక్కుకి అడ్డంగా ఒక పెద్ద డబ్బా కట్టారట. దాన్ని పీకి అవతల పారేసి, పుట్టగొడుగు ఆకారంలో ఎర్రటి ఫిల్టరొకటి బయటికి కనిపించేట్టు బిగించాడు. "ఇంజనన్నాక గుండెల నిండా గాలి పీల్చుకోవాలన్నా!" అన్నాడు.

పీల్చుకుంది. ఎక్కడ పీల్చుకుంది? గుంటూరు మిర్చి యార్డులో! సీజను మొదలైందంటే ఆ చుట్టుపక్కల కాకులు కూడా తుమ్ముతాయి. అక్కడ పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా కారు నిలబడుతుంది. గాలి కొలిచే సెన్సారులో వెంట్రుకంత తీగ ఉంటుంది. అది ఎప్పుడూ వేడిగా ఉంటుంది. పుట్టగొడుగు దాటుకుని వచ్చిన కారం దుమ్ము పోయి పోయి ఆ వేడి తీగ మీద కూర్చుంది. ఇంకేముంది? తాలింపు!

ఏసీ వేసుకుంటే చల్లగాలితోపాటు ఎండుమిరపకాయలు వేగిన ఘాటు వచ్చేది. కొత్తగా ఎక్కినవాళ్లకి కళ్లనీళ్లు తిరిగేవి. 'మా కారెక్కి ఆనందంతో ఏడుస్తున్నారు' అనుకునేవాడు బాబ్జీ.

కారం పట్టిన సెన్సారు వచ్చిన గాలి కంటే తక్కువ లెక్క చెబుతుంది. కంప్యూటరు దాన్ని నమ్మి పెట్రోలు తక్కువ పోస్తుంది. చాలీచాలని తిండి తిన్న ఇంజను ఏం చేస్తుంది? తుమ్ముతుంది! స్టార్టు చేయగానే బానెట్టు కింద నుంచి 'ఫట్' మని ఒక తుమ్ము. మా ఊరి అలవాట్లు ఇంత త్వరగా నేర్చుకున్న పరాయి వాహనాన్ని నేనింకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత టైర్లు. కారు నేలకి దగ్గరగా ఉంటే అందమని పొట్టి టైర్లు వేశాడు జాన్ బాషా. చక్రం చిన్నదైతే ఎక్కువసార్లు తిరుగుతుంది. స్పీడు మీటరు ఆ తిరుగుడంతా మన ఖాతాలో రాస్తుంది. అసలు వేగం కంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. ఇంతకంటే మేలు ఉంటుందా చెప్పండి! తోలేవాడికి వీరుణ్ణన్న గర్వం దక్కుతుంది, కూర్చున్నవాళ్లకి ప్రాణం దక్కుతుంది. ఒకసారి మీటరులో నూట ఇరవై దాటిందని బాబ్జీ మీసం దువ్వుకుంటున్నాడు. అదే క్షణంలో ఒక ఆర్టీసీ బస్సు మమ్మల్ని దాటుకుంటూ వెళ్లిపోయింది. "బస్సులు మరీ నూట యాభైలో పోతున్నాయి బావగారూ, అడిగేవాడే లేడు!" అని బాధపడ్డాడు.

ఇక చప్పుడు వినే సెన్సారు. ఇంజను టకటకలాడినప్పుడల్లా అది కంప్యూటరుకి చెప్పి పౌరుషం తగ్గించేస్తోందట. దానికీ ఇంజనుకీ మధ్య మెత్తటి రబ్బరు ముక్క పెట్టి బిగించాడు జాన్ బాషా. "చెవిలో దూది పెట్టానన్నా. ఇంక ఏమీ వినపడదు" అన్నాడు. ప్రత్తిపాడు వాళ్ల కారుకి దూది కంటే సరైన మందు ఏముంటుంది?

చివరికి మిగిలింది నీళ్ల వేడి చూపించే ముల్లు. యార్డు నుంచి ఇంటికొచ్చేసరికి అది పైకి ఎగబాకేది. ఎర్రగీత దగ్గరికి పోగానే ఎర్రదీపం వెలిగేది.

"ప్రయాణంలో ఎర్రదీపం కనబడటం శకునం బాగుండదు బాషా" అన్నాడు బాబ్జీ.

"తీసేద్దామన్నా, దానికేం!" అన్నాడు బాషా.

వేడి చెప్పే సెన్సారు వైరు కత్తిరించి, దాని చోట చిక్కుడు గింజ కంటే చిన్న రెసిస్టరు ఒకటి అతికించాడు. అంతే! ఆ రోజు నుంచి ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది. రోహిణి ఎండలో మధ్యలోనే. ధనుర్మాసం చలిలో మధ్యలోనే. సుఖదుఃఖాలని సమంగా చూసే యోగి గురించి పురాణంలో విన్నాను గానీ కళ్లారా చూసింది మాత్రం బాబ్జీ డాష్‌బోర్డులోనే!

ఆ ముల్లుని చూస్తూ కూర్చుంటే నాకు ఎంత ప్రశాంతంగా ఉండేదో చెప్పలేను. అప్పుడే నాకీ సిద్ధాంతం తట్టింది. ఈ రెసిస్టరు కార్లకే ఎందుకు? ఇంటింటికీ ఒకటి ఇవ్వకూడదా? బీపీ మిషనుకి ఒకటి పెడితే దేశంలో రక్తపోటు సాయంత్రానికల్లా మాయం. పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారి పెన్నుకి ఒకటి పెడితే పిల్లలందరూ ఫస్టు క్లాసు. రేడియోలో వాతావరణం చెప్పే ఆయనకి ఒకటి పెడితే పత్తి తీతలప్పుడు వాన పడనే పడదు, పడినా మనకు తెలియదు. ఓటేసే ముందు ఒకటి, ఓటేశాక ఒకటి. పెళ్లిచూపుల్లో ఇరువైపులా చెరొకటి!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

'మరి నిజంగా వేడెక్కితే?' అని అడిగే మొండిఘటాలు కొందరుంటారు. మా సాయిలక్ష్మి ఆ జాతిదే. కారెక్కిన ప్రతిసారీ ముక్కు ఎగబీల్చి, "ఏవండీ, ఏదో మాడు వాసన వస్తోంది" అనేది. బాబ్జీ వేలితో ముల్లుని చూపించేవాడు. "మధ్యలోనే ఉంది, చూడు" అనేవాడు. పక్క సీట్లోంచి నేనూ చూపించేవాణ్ణి. ఇద్దరు మగవాళ్లు, ఒక ముల్లు. మూడు సాక్ష్యాలున్నా ఆవిడ నమ్మదు! "ముల్లు సంగతి నాకు తెలియదు, వాసన వస్తోంది" అంటుంది. ఇంత మొండితనం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇక ఒంగోలు ప్రయాణం సంగతి చెప్పాలి. నా సిద్ధాంతానికి అంతకు మించిన రుజువు లేదు.

సాయిలక్ష్మి చదువంతా అద్దంకిలో, పుట్టింట్లోనే సాగింది. పెళ్లయ్యాక ఇంటి పనంతా చేసుకుంటూనే చదివి, టీచర్ ఉద్యోగం పరీక్ష ప్రకాశం జిల్లా నుంచి రాసింది. ప్యాసయింది. పోస్టింగు కోసం ఒంగోలు రమ్మన్నారు. ర్యాంకు వరసలో పేర్లు పిలుస్తారు. పిలిచినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లు ఖాళీల్లోంచి తమకు కావాల్సిన ఊరు కోరుకోవచ్చు. లేకపోతే అందరూ కోరుకోగా మిగిలిందే గతి. సాయిలక్ష్మి మార్టూరు పక్కన ఒక ఊరు చూసి పెట్టుకుంది. హైవే పక్కనే బడి. గుంటూరులో పొద్దున్నే బస్సెక్కితే బడి గంటకి దిగొచ్చు, సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. ఆవిడ ర్యాంకుకి ఆ ఊరు ఖాయం. చేయాల్సిందల్లా పిలిచే వేళకి అక్కడ ఉండటమే.

"నేను తెల్లారే బస్సుకి వెళతాను" అంది.

"ఇంట్లో ఇంత కారు పెట్టుకుని బస్సెక్కితే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు బాబ్జీ. నలుగురిలో ఒకణ్ణి కాబట్టి నేనూ తలూపాను.

శివరాత్రి వెళ్లి ఎండ ముదిరిన రోజులవి. సాయిలక్ష్మి చీరాల చీర కట్టుకుని, సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. నేను ముందు సీట్లో. బాబ్జీ దణ్ణం పెట్టుకుని తాళం తిప్పాడు.

'ఫట్!'

కారు తుమ్మింది.

బాబ్జీ ఇంజను ఆపేశాడు. తుమ్ము తుమ్మే కదా! ముగ్గురం దిగి, లోపలికెళ్లి, కూర్చుని, మంచినీళ్లు తాగి వచ్చాం. మళ్లీ తాళం తిప్పాడు. మళ్లీ తుమ్మింది.

"అది మనిషి కాదండీ, కారు! కారు తుమ్మితే చూపించాల్సింది మెకానిక్కుకి" అంది సాయిలక్ష్మి.

బాబ్జీకి అనుమానం వచ్చి నా వైపు చూశాడు. శాస్త్రం తెలిసినవాణ్ణి కదా! తుమ్మిందానికి ప్రాణం ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు, బయల్దేరే వేళకి తుమ్మిందా లేదా అన్నదే ముఖ్యం అని తీర్పు చెప్పాను. మళ్లీ దిగాం. మళ్లీ కూర్చున్నాం. మళ్లీ మంచినీళ్లు. ఆ తర్వాత తుమ్మకుండానే స్టార్టయింది. సంతోషంగా గేటు దాటబోతుంటే ఎదురింటి పేరయ్య గారు పళ్లు తోముకుంటూ, "ఏం బాబ్జీ, పొద్దున్నే ఎక్కడికీ?" అన్నారు.

ఆయన వైపు బాబ్జీ చూసిన చూపుకి ఆయన పుల్ల కిందపడింది. ఏం లాభం? మళ్లీ లోపలికి. కడుపులో నీళ్లు గుడగుడలాడుతుండగా మేం గుంటూరు పొలిమేర దాటేసరికి, సాయిలక్ష్మి వెళదామనుకున్న బస్సు చిలకలూరిపేట కూడా దాటిపోయి ఉంటుంది.

పోయిన టైము రాబట్టాలని బాబ్జీ తొక్కాడు. సైలెన్సరు గర్జించింది. మీటరు నూట ముప్ఫై అంది. ట్రాక్టర్లు తప్ప అన్నీ మమ్మల్ని దాటిపోయాయి. చిలకలూరిపేటలో పత్తి లారీల వరస తగులుకుంది. కదలడం, ఆగడం, కదలడం, ఆగడం. ఏసీలోంచి తాలింపు ఘాటు. ఆ ఘాటులో ఇంకేదో కొత్త వాసన.

"ఏవండీ, మాడు వాసన" అంది వెనక నుంచి సాయిలక్ష్మి.

"మధ్యలోనే ఉంది" అన్నాడు బాబ్జీ.

"ఒక్కసారి ఆపి బానెట్టు తీసి చూడండి. నీళ్లు పోస్తే సరిపోతుందేమో."

"బయల్దేరామా, ఇంక నోటివెంట అలాంటి మాటలు రాకూడదమ్మా" అన్నాను నేను, అన్నగారి బాధ్యత గుర్తొచ్చి.

ఊరు దాటాక ఆవిడ కిటికీ అద్దం దించి ముఖం బయటికి పెట్టింది. రోడ్డు పక్క కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మార్టూరు ఇంకా రాలేదు. 'ఫట్' మని ఒకటి, 'ఫటఫట' మని ఇంకో రెండు, ఆ తర్వాత 'ఉస్స్' మని పెద్ద నిట్టూర్పు. బానెట్టు సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. ఎదుటి అద్దంలో రోడ్డు కనిపించడం మానేసింది. కారు తనంతట తానే పక్కకి జరిగి ఆగింది.

బాబ్జీ దిగలేదు. ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"మధ్యలోనే ఉందే!" అన్నాడు.

నేనూ చూశాను. నిజంగానే మధ్యలో ఉంది! ముందు ఇంజను ఇడ్లీ పాత్రలా పొగలు కక్కుతోంది. ముల్లు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. అంత నిబ్బరం మనుషుల్లో ఎక్కడుందండీ?

బాబ్జీ సెల్లు తీసి జాన్ బాషాకి ఫోను చేశాడు. "బాషా, బండి ఆవిరి కక్కుతోంది!"

"మీటరు ఎంత చూపిస్తోందన్నా?" అని అడిగాడతను.

"సగం."

"అయితే భయం లేదన్నా!"

ఒకవైపు ఆవిరి, ఒకవైపు బాషా. ఎవర్ని నమ్మాలో తెలియక నేనూ బాబ్జీ కాసేపు తర్జనభర్జన పడ్డాం. కల్లంలో కాయల మీద నీళ్లు చిలకరిస్తున్న ఆడవాళ్లు బిందెతో నీళ్లు తెచ్చి, "మూత ఇప్పుడే తీయబాకండయ్యా, మొహాన కొడతది" అని హెచ్చరించి పోయారు.

ఫ్యాను ఎందుకు తిరగలేదని మీరు అడగొచ్చు. పాపం, దాని తప్పేముంది? వేడెక్కిందని కంప్యూటరు చెబితే తిరుగుతుంది. కంప్యూటరుకి చెప్పాల్సిన సెన్సారు చోట చిక్కుడు గింజ కూర్చుంది. నీళ్లు చల్లగా ఉన్నాయని కారు కారంతా మనస్ఫూర్తిగా నమ్మింది. మాలాగే.

ఇంతలో వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. సాయిలక్ష్మి సంచి చంకకి తగిలించుకుని రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తింది. ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఒకటి వస్తోంది. ఎక్స్‌ప్రెస్సులు ఎక్కడపడితే అక్కడ ఆపరు. కానీ ఆవిడ ముఖం చూసో, మా కారు ఆవిరి చూసో, డ్రైవరు బ్రేకు కొట్టాడు. కండక్టరు తల బయటికి పెట్టి, "ఇంత వేడెక్కిందాకా మీటరు చూసుకోరా బాబూ?" అన్నాడు.

"చూస్తూనే ఉన్నానండీ!" అన్నాడు బాబ్జీ, ఏడుపు గొంతుతో.

సాయిలక్ష్మి మెట్టెక్కింది. అప్పుడు జరిగింది ఆ ఘోరం! బాబ్జీ నోట్లోంచి, పేరయ్య గారి మీద కళ్లెర్రజేసిన ఆ బాబ్జీ నోట్లోంచి, పెద్ద కేక వచ్చింది.

"ఎక్కడికీ?"

సాయిలక్ష్మి వెనక్కి తిరిగింది. కోపంగా లేదు. అలిసిపోయినట్టుగా ఉంది. "ఆ మాట అడగకూడదుగా. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి రండి" అంది.

బస్సు కదిలిపోయింది.

మేం కూర్చున్నాం. బిందెలో నీళ్లు మాత్రం కారు తాగింది.

ఆవిడ వెళ్లేసరికి ఆవిడ పేరు పిలవడం, తర్వాతి పేర్లు పిలవడం అయిపోయాయి. మార్టూరు పక్క ఊరు వేరెవరో తీసుకున్నారు. చివర్లో మిగిలిన ఊళ్లలోంచి కనిగిరి అవతల ఒక పల్లె దక్కింది. గుంటూరు నుంచి రోజూ పోయి రాగల దూరం కాదు. ఉద్యోగం వదిలేస్తుందేమో అనుకున్నాం. వదల్లేదు. కనిగిరిలో చిన్న గది తీసుకుంది. సోమవారం నుంచి శనివారం దాకా అక్కడే. బడికి వెళ్లిన మొదటిరోజే పిల్లలు, "టీచరుగారూ, మీ చీరకి సున్నం అంటింది" అని మొహమాటం లేకుండా చెప్పేశారట. "ఎంత మంచి పిల్లలో అన్నయ్యా!" అని ఫోనులో మురిసిపోయింది. చూశారా, ఆవిడకి ఎలాంటివాళ్లు నచ్చుతారో!

బాబ్జీ వెళ్లి జాన్ బాషా మీద విరుచుకుపడ్డాడు. అతను ఏమాత్రం తొణక్కుండా, "ఎర్రదీపం శకునం బాగాలేదన్నది నువ్వేగా అన్నా? దీపం తీయమన్నావు, తీశా. వేడి తీయమని ఎప్పుడన్నావు?" అన్నాడు. ఎంత సూటి ప్రశ్నో చూడండి! సెన్సారు మళ్లీ పెట్టమంటే మాత్రం రెండుసార్లు అడిగించుకుని పెట్టాడు. తన కళని తనే చెరిపేసుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం?

నేను ఊరుకుంటానా? పక్కకి పిలిచి, "అది సరే గానీ బాషా, మా చెల్లెలికి సరిపోయే రెసిస్టరు ఏదైనా ఉందా?" అని అడిగాను. ఊరికే, శాస్త్ర పరిశోధన కోసం.

అతను చేతులు తుడుచుకుని, "అది ఒరిజినల్ మీటరండీ. దాన్ని నేను ముట్టుకోను" అన్నాడు.

సరే, నా సిద్ధాంతం చెక్కుచెదరలేదు. మొన్న గురువారం సాయంత్రం బాబ్జీని చూద్దామని వెళ్లాను. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! వాసన వస్తోందనేవాళ్లు లేరు, ఆపి చూడమనేవాళ్లు లేరు. మంచి మీటరు ఉన్న ఇల్లు ఇలాగే ఉంటుంది.

"ఎలా ఉన్నావు బావా?" అన్నాను.

"నాకేం బావగారూ, బ్రహ్మాండంగా ఉన్నా" అన్నాడు. గడ్డం మాసిపోయింది. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. ఇంట్లో పేరుకు కూడా చప్పుడు లేదని కాబోలు, టీవీ పెట్టి, చూడకుండా కూర్చున్నాడు. ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది.

ఫోను మోగింది. కనిగిరి నుంచి.

"ఆఁ... తిన్నాను. ఆఁ... అంతా బాగానే ఉంది. నాకేమైంది? బాగానే ఉన్నా" అంటున్నాడు బాబ్జీ. తర్వాత ఫోను నా చేతికిచ్చాడు.

"అన్నయ్యా, ఆయనెలా ఉన్నారు?" అంది సాయిలక్ష్మి.

"బాగానే ఉన్నాడమ్మా" అన్నాను. సిద్ధాంతకర్తని, ఇంకేమంటాను?

"ఈ వేళకి పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతుంటారు. పెట్టారేమో చూడు" అంది.

నిజం చెప్పాలంటే వాసన చాలాసేపటి నుంచి వస్తోంది. నాకు తెలుసు. బాబ్జీకి తెలుసు. ఒకరి ముఖం ఒకరం చూసుకుంటున్నాం గానీ, ఆ మాట పైకి ఎవరూ అనడం లేదు. మర్యాద! కనిగిరి ఎక్కడ, గుంటూరు ఎక్కడ! అంతదూరం నుంచి ఆవిడ ముక్కు పనిచేస్తోంది, వంటింటి గుమ్మం పక్కన కూర్చున్న మా ఇద్దరివీ పనిచేయడం లేదు.

"అబ్బే, అలాంటిదేం..." అని నేను మొదలుపెట్టానో లేదో, బాబ్జీ నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"సాయీ, పాలు మాడిపోయాయి. నిన్నా మాడిపోయాయి. నాకేం బాగాలేదు. ఆ రోజు నువ్వు చెప్పినప్పుడు ఆపాల్సింది. నువ్వు లేకపోతే ఏమీ బాగాలేదు" అన్నాడు.

పాఠకులారా, ఇంత కష్టపడి నిలబెట్టుకున్న సిద్ధాంతానికి సొంత బావ చేసిన ద్రోహం మీరే చూశారు. వీళ్ల కోసం ఇంక నేను వాదించను. అవతలి నుంచి సాయిలక్ష్మి ఏమందో నాకు వినపడలేదు. బాబ్జీ మాత్రం తిరగేసిన చొక్కా చేత్తోనే కళ్లు తుడుచుకుంటూ, "ఆఁ, శనివారం నేనే వస్తా... కాదు కాదు, బస్సులో" అంటున్నాడు.

నేను లేచి వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆపేశాను.